చెట్టు నీడలో గడ్డి రావట్లేదా? క్రిస్మస్ ఫెర్న్ వేసి చూడండి

న్యూజెర్సీ, వర్జీనియా, జార్జియా వైపు ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకి ఈ సమస్య బాగా తెలుసు. బ్యాక్‌యార్డ్‌లో పెద్ద ఓక్ చెట్టు, కింద దట్టమైన నీడ. ఏటా గడ్డి విత్తనాలు చల్లడం, కొన్నాళ్లకి మళ్లీ ఉత్త మట్టే మిగలడం. గట్టి వాన పడితే ఆ మట్టి కూడా కొట్టుకుపోతుంది.

గడ్డికి ఎండ కావాలి. అక్కడ లేనిదే అది! కాబట్టి డబ్బులు గడ్డి మీద కాకుండా, నీడలోనే పుట్టి పెరిగే మొక్క మీద పెట్టండి. అదే క్రిస్మస్ ఫెర్న్. కెనడాలోని నోవా స్కోషియా నుంచి ఫ్లోరిడా దాకా, తూర్పు వైపు అడవుల్లో దానంతటదే పెరుగుతుంది. ఎత్తు 1 నుంచి 2 అడుగులు.

గుర్తుపట్టడం చాలా ఈజీ. ప్రతి చిన్న ఆకుకీ మొదట్లో చెవిలా ఒక బుడిపె ఉంటుంది. చూస్తే క్రిస్మస్‌కి వేలాడదీసే మేజోడులా అనిపిస్తుంది. డిసెంబర్‌లో కూడా పచ్చగా ఉంటుంది కాబట్టే ఆ పేరు. చలికి ఆకులు నేల మీద వాలిపోతాయి, కానీ చచ్చిపోవు. కింద రాలిన ఆకుల్ని అలాగే పట్టి ఉంచుతాయి. అందుకే ఏటవాలు నేలలో మట్టి జారకుండా ఇది బాగా పనికొస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ మొక్కకి చలి కంటే, కరువు కంటే పెద్ద శత్రువు నిలవ నీరు. ముఖ్యంగా చలికాలంలో తడి నిలిస్తే మొదలు కుళ్లిపోతుంది. ముందు ఒక అడుగు గుంట తవ్వి నీళ్లు పోయండి. మర్నాటికీ నీళ్లు అలాగే ఉంటే ఆ చోటు వద్దు. నాటేటప్పుడు ఆకులన్నీ మొలిచే ఆ మొదలు మట్టిలో కూరుకుపోకూడదు, నేలకి సమానంగానో కాస్త పైకో ఉండాలి.

పొద్దున్న ఎండ కాస్త పడితే ఓకే, మధ్యాహ్నం ఎండ వద్దు. మట్టిలో ఆకుల ఎరువు కలపండి. మొదటి ఏడాది వాన లేనప్పుడు నీళ్లు పెట్టండి. వేళ్లు కుదురుకున్నాక పొడి నీడని కూడా తట్టుకుంటుంది. చెట్టు రాల్చిన ఆకుల్ని పూర్తిగా ఊడ్చేయకండి, దానికి అదే తిండి. జింకలు కూడా సాధారణంగా దీని జోలికి రావు.

ఒక్క మాట, ఇది గడ్డిలా పాకదు. గుబురుగా ఉన్నచోటే ఉంటుంది. అందుకని ఒకటిన్నర అడుగుల దూరంలో నాలుగైదు మొక్కలు వేయండి. అలాగని పార్కుల్లో, అడవుల్లో తవ్వి తెచ్చుకోవద్దు. నర్సరీలో పెంచినవే కొనండి.

హైదరాబాద్, విజయవాడ ఫ్రెండ్స్, మీరు మాత్రం ఆర్డర్ పెట్టకండి. ఇది చల్లటి శీతాకాలానికి అలవాటైన మొక్క, మన ఎండలకి సరిపడదు.

అక్కడున్న మీ అన్నకో అక్కకో ఈ వీడియో పంపండి. గుంటలో నీళ్లు ఎంతసేపటికి ఇంకాయో కామెంట్‌లో చెప్పమనండి. ఉంటాను, బై!