పెయ్యల కొఱకు ఆబోతు నెన్నుకొనుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ సభలో నేను ఏ ప్రబంధమును గూర్చియో ముచ్చటింతునని పలువురు తలచియుందురు. కార్యదర్శిగారు కోరినదియు అదియే. కాని మన యూరివారు చందాలు వేసికొని ఉమ్మడిగా నొక ఒంగోలు ఆబోతును కొనదలచియున్నారు. ఏ యాబోతును కొనవలెనను చర్చ నెలదినములుగా రచ్చబండయొద్ద సాగుచున్నది. ఇంతకంటె అక్కఱకు వచ్చు విషయము నాకు తోచలేదు.

ఆ చర్చ నాలకించితిని. ఒకరు మూపురమును పొగడుదురు. ఒకరు గంగడోలును పొగడుదురు. బండలాగుడు పందెములలో పేరుపొందిన వంశపు కోడెయొకటి కలదనియు, వెల యెంతైనను దానినే తేవలెననియు మఱికొందఱి పట్టుదల. ఆ కోడెను నేనును చూచితిని. చూడ ముచ్చటైనదే, కాదనను. అయితే ఆబోతు మనకు దేనికొఱకు? అమ్ముకొనుటకు కోడెదూడలు పుట్టిన చాలునన్నచో బలమును, ఒడ్డును చూచి కొనవచ్చును. మన కోరిక యది కాదు. ఊరిలో మిగిలిన ఒంగోలు ఆవులు ముసలివగుచున్నవి. రేపు వాని స్థానమున కట్టుగొయ్యకు నిలువవలసిన పెయ్యలు మనకు కావలెను. ఆబోతు పాలీయదు, ఈనదు, దూడను నాకదు. పెయ్యకు కావలసిన గుణములలో ముఖ్యమైనవేవియు ఆబోతు ఒంటిపై కానరావు. మూపురమును చూచి కూతురి పొదుగును ఊహింపజాలము గదా!

నేను లెక్కల పుస్తకములతో కాలము గడిపినవాడను గనుక లెక్కయే చెప్పెదను. ఆవు బాగుగా ఈనినను తన జీవితమున ఏడెనిమిది దూడల నిచ్చును. ఆబోతు ఏటికి నలువది యావులను దాటినచో, కట్టనివి పోను, మూడేండ్లలో నూఱు దూడలకు తండ్రియగును. అందు సగము పెయ్యలు. ప్రతి పెయ్యకును తండ్రినుండి వచ్చునది సగపాలు. ఆ తండ్రికి తన తల్లినుండి వచ్చినదియు సగపాలే. కావున మనము ఎన్నడును చూడని యొక ఆవు, ఆబోతు తల్లి, మన యూరి యేబది కొట్టములలో నాయనమ్మయై కూర్చుండును. అట్టిదానిని చూడక బేరమాడుట యెట్లు?

ఇది నేను కల్పించిన మాట కాదు. పితృదేవతల పేర ముద్ర వేసి ఆబోతును విడుచు వృషోత్సర్గమును గూర్చి మత్స్యపురాణమున చెప్పబడియున్నది. వృషభ లక్షణములను వివరింపబోవుచు పురాణకర్త మొట్టమొదట ఆవును పరీక్షింపుమనెను. అది సాధువై, అంగలోపము లేనిదై, రోగము లేనిదై, దూడ బ్రతికియున్నదై యుండవలెనట. కొమ్ములు, గిట్టలు, వన్నెలు ఆ వెనుకనే. ఆ మహానుభావుడు స్వయముగా పశువులను మేపెనో లేదో తెలియదు గాని, మేపినవానిని అడిగి వ్రాసినాడని మాత్రము నా నమ్మకము.

మాంసము కొఱకే పశువులను పెంచు దేశములలో తల్లిగుణముతో పనిలేదని కొందఱనుకొందురు. అది పొరపాటు. ఇంగ్లండు దేశమున లీస్టరు మండలములోని డిష్లీయందు రాబర్టు బేక్‌వెల్ (1725–1795) అను రైతు ఉండెను. లాంగ్‌హార్న్ జాతి పశువులలో దగ్గఱి చుట్టఱికపు వానినే కలిపి, త్వరగా కండయు క్రొవ్వును పట్టునట్లు చేసెను. అతని పశువుల కీర్తి దేశమంతట వ్యాపించెను. కాని కండ పెరిగినకొలది ఆవులలో పాలు తగ్గెను, చూలు నిలుచుట తగ్గెను. తల్లి పాలు చాలనిచో దూడకు మాంసమెక్కడిది? రైతులు క్రమముగా షార్ట్‌హార్న్ జాతి వైపు మరలిరి.

మన పశువు చరిత్రయే చూడుడు. గుండ్లకమ్మ, ముసి, పాలేరు, మన్నేరు నదుల ప్రాంతమున పుట్టిన ఈ జాతి 19వ శతాబ్దమునుండి ఓడలెక్కి బ్రెజిలు దేశము చేరి, నెల్లూరు పేరుమీదుగా ‘నెలోరె’ అనిపించుకొన్నది. ఒంగోలు చెంతనున్న కరవది గ్రామము పేరుగల ఆబోతు 1960వ దశకపు తొలినాళ్ళలో అచటికి పోయి పెక్కు మందలకు మూలపురుషుడైనది. అచటివారు దీనిని పెంచునది మాంసము కొఱకు. మనలో పెక్కుమందికి అది రుచింపదు. అయినను వారి శ్రద్ధను మెచ్చవలెను. ఏడాది ప్రాయమునను, ఏడాదిన్నర ప్రాయమునను కోడె వృషణముల చుట్టుకొలతను టేపుతో కొలుతురు. ఆ కొలత పెద్దదైన కోడెకు పుట్టిన పెయ్యలు త్వరగా ఎదకు వచ్చునని పెక్కు మందల లెక్కలవలన తేలినది. 2023లో అచట ఒక నెలోరె ఆవునందు మూడవ వంతు వాటా వేలమునకు వచ్చెను. ఆ పాటనుబట్టి ఆవు మొత్తము వెల నలువది లక్షల డాలర్లకు మించెను. ఆవునకు వాటాదారులుండుట వినుటకు నాకు వింతగా నున్నది. అయినను అంత ధర పలికినది ఆబోతు కాదు, ఆవు!

ఇక మన బేరమునకు వత్తము. కోడె తల్లిని పాలు పితుకు వేళనే చూడవలెను. తొలి ఈత ఏ వయసున ఈనినది? ఈతకు ఈతకు నడుమ ఎన్ని నెలలు? తొలి ఈత మొదలు పదేండ్లలో, పదునైదు నెలల కొకమాఱు ఈను ఆవు తొమ్మిది దూడల నిచ్చును. రెండేండ్ల కొకమాఱు ఈనునది ఆఱింటినే యిచ్చును. మూడు దూడలు గాలికి పోయినవన్నమాట. దాని దూడలెన్ని బ్రతికినవి? చన్నులు పుట్టిన దూడ నోటికి పట్టునట్లున్నవా, లేక బుడ్డలవలె లావెక్కినవా? క్రొత్త చేయి తగిలిన తన్నునా? శేర్లకొలది పాలిచ్చునని యజమాని చెప్పినచో, తవుడు, పత్తిగింజలు ఏపాటి పెట్టుచున్నాడో కనుగొనుడు. దాణావలన వచ్చిన పాలు కూతురికి సంక్రమింపవు. అదే కొట్టమున అదే మేత తిను తక్కిన ఆవులతో దానిని పోల్చవలెను.

కోడె విషయమున కాళ్ళు, గిట్టలు తిన్నగా నుండుట, వృషణములు రెండును దిగి సమముగా నుండుట, కడుపులు జాఱు బ్రూసెల్లా రోగము లేదని పశువైద్యుడు పరీక్షించి చెప్పుట, ఇంతమాత్రము చాలును.

సూదితోనే చూలు కట్టించుచుండగా ఆబోతేల యని యువకు లడుగుచున్నారు. ఒంగోలు ఆవు ఎద గుట్టుగా నుండును, మనము కనుగొనులోపల గడచిపోవును. ఆబోతునకు ఆ చిక్కు లేదు. సూదికే పోదలచినవారు కూడ ఆ వీర్యమిచ్చిన ఆబోతు తల్లి పాలెన్ని యని అడిగి మఱి వేయింపుడు. 2021లో హైదరాబాదులోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థవారు దేశవాళీ గోజాతుల జన్యుపరీక్షకు ‘ఇండిగౌ’ అను చిప్పును వెలువరించిరి. సంతోషమే. కాని ఏ జన్యువు ఏ గుణము నిచ్చునో ఆ చిప్పు చెప్పవలెనన్నను, ఈతల లెక్కయు పాల లెక్కయు ఎవరో ఒకరు వ్రాసిపెట్టియుండవలెను.

అందుచేత నాదొక మనవి. ఇరువదియైదేండ్లుగా పుస్తకములను కాపాడిన ఈ గ్రంథాలయమున ఇకనుండి పశువుల పుస్తకమొకటి యుంచుదము. ఏ యావు ఏనాడు దాటినది, ఏనాడు ఈనినది, పెయ్యయో కోడెయో, పాలెన్ని, వట్టిపోయిన దెన్నడు, ఇవి చాలును. వ్రాయు భారము నాది. మూడేండ్లకు తొలి పెయ్యలు ఎదకు వచ్చువేళకు ఆబోతును మార్చవలెను. లేనిచో తండ్రియే కూతుండ్రను దాటును, బలహీనపు దూడలు పుట్టును. ఆ తేదీని సైతము పుస్తకమే జ్ఞాపకము చేయును.

చందాదారులలో ఇద్దఱు నాతో వచ్చినచో వచ్చు ఆదివారము తెల్లవారుజామున ఆ కోడె పుట్టిన కొట్టమునకు పోయి తల్లిని చూతము. ముందుగా కబురు పంపవలదు. మాపటి పాలు పొదుగున నిలిపి ఉదయమున బిందె నింపి చూపు నేర్పరులు ప్రతి యూరను కలరు.