జ్వరముతో కాలు కదపని బిడ్డ



నేడు నేను ముచ్చటింపబోవు విషయము పిల్లల యెముకలకును, కీళ్ళకును పట్టు చీము. ఇది తరచుగా వచ్చు వ్యాధి కాదు. కాని వచ్చినప్పుడు కొలదిదినముల జాగు బిడ్డను ఆజన్మాంతము కుంటివానిని చేయగలదు. ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు తేగలదు. నేను వైద్యుడను గాను; చిరకాలము పిల్లలతో మెలగిన బడిపంతులను. జబ్బుచేసిన బిడ్డను ఎచ్చటికి కొనిపోవలయునో పల్లెలలో ఇంటి పెద్దలే నిర్ణయింతురు గావున, ఈ మనవి పెద్దలకే చేయుచున్నాను.

మన చర్మముమీదను, ముక్కులోపలను స్టాఫిలోకాకస్ అను సూక్ష్మజీవి తరచుగా నివసించుచుండును. స్కాట్లాండు దేశపు శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ దీనిని చీములో చూచి, ద్రాక్షగుత్తివలె నున్నదని 1882లో ఆ పేరిడెను. సెగగడ్డనుండియో, గజ్జిపుండునుండియో అది రక్తములో చేరవచ్చును. ఒక్కొక్కప్పుడు పైకి ఏ పుండును కానరాదు. ఎదుగుచున్న యెముకల కొనలయొద్ద రక్తము సన్నని నాళములలో మెల్లగా ప్రవహించును. అచ్చట నది నిలిచి, పెరిగి, చీము పుట్టించును. తొడయెముకకును, మోకాలిక్రింది పెద్దయెముకకును, తుంటి, మోకాలి కీళ్ళకును ఇది హెచ్చుగా వచ్చును. అయిదేండ్లలోపు పిల్లలలో ఎక్కువ.

కీలులో చీము నిండినచో, యెముకల కొనలను కప్పియున్న మృదులాస్థి కొలదిదినములలోనే చెడిపోవును. తుంటిలో నైనచో, ఆ యొత్తిడిచే తొడయెముక శిరస్సునకు రక్తము అందక అది నశించుటయు కలదు. తరువాత నెంతటి వైద్యుడును దానిని మునుపటివలె చేయజాలడు.

ఇక గుర్తు లెవ్వి? జ్వరము వచ్చును. నడచుచుండిన బిడ్డ అడుగు వేయడు, చేయియైనచో ఎత్తడు. ఒక్క చోటనే నొప్పి, వేడి, వాపు కనబడును, తాకనీయడు. చంటిబిడ్డలకు జ్వరము లేకయు నుండవచ్చును. ఒక కాలు కదపక, గుడ్డ మార్చునప్పుడు గుక్కపట్టి యేడ్చుటయే గుర్తు.

మన పొరపాటు సాధారణముగా నిచ్చటనే జరుగును. ఆడుకొను పిల్లలు దినమునకు నాలుగుమారులు పడుదురు. గావున “పడినాడు, బెణికినది” అని నూనెతో మర్దన చేయించి, పసరుకట్టు కట్టింతుము. బెణుకునకు జ్వరము రాదు. ఈ యొక్క మాట గుర్తుంచుకొనిన చాలును. నేను పనిచేసిన యొక పల్లెబడిలో తొమ్మిదేండ్ల బాలుడొకడు ఇట్లే వారముదినములు కట్టుతో నుండెను. ప్రాణము దక్కినది గాని కాలు పొట్టిదైనది. చదువులో మొదటివాడు, ఆటలనాడు మాత్రము గోడకానుకొని కూర్చుండెడివాడు.

చీమును కోసి తీయుట మన సంప్రదాయమునకు విరుద్ధమని కొందరు జంకుదురు. సుశ్రుతాచార్యులు నిదానస్థానమున విద్రధులను గూర్చి చెప్పుచు, మజ్జలో చీము పట్టుటను సయితము వర్ణించినాడు. పక్వమైన విద్రధిని శస్త్రముతో భేదింపవలయుననియు చెప్పినాడు. కాబట్టి శస్త్రవైద్యుడు చేయునది మన పెద్దలు ఎఱిగిన పనియే. వారికి లేక మనకు కలిగినది ఔషధబలము. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగు పెనిసిలిన్‌ను కనుగొన్నది ఈ సూక్ష్మజీవిని పెంచుచున్న పళ్ళెమునందే. కాని నేడీ జీవి పెనిసిలిన్‌కు చాలవరకు లొంగుటలేదు. ఏ మందు పనిచేయునో రక్తమును, చీమును పరీక్షించి వైద్యుడే తేల్చవలయును. మందుల దుకాణములో రెండు బిళ్ళలు కొని మ్రింగించినచో వ్యాధి మరుగుపడును గాని మానదు.

ఆదిలాబాదు, కొమురం భీం ఆసిఫాబాదు జిల్లాల పెద్దలకు మఱియొక మాట. గోండు, కొలాము మొదలగు గిరిజన కుటుంబములలో సికిల్ సెల్ అను కొడవలికణ వ్యాధి కలదు. దానియందు ఎఱ్ఱకణములు కొడవలివలె వంగి రక్తనాళముల నడ్డగించును. ఈ పిల్లలకు యెముకల నొప్పి పలుమారులు వచ్చుచునే యుండును. కాని వారి యెముకలలో చీముపట్టు భయమును హెచ్చు; సాల్మొనెల్లా అను ప్రేవుల సూక్ష్మజీవియు వారిని పట్టును. గావున “ఎప్పుడును వచ్చు నొప్పియే” యని జ్వరముతో నున్న బిడ్డను ఇంట నుంచుకొనరాదు. ఈ వ్యాధి నిర్మూలనకై కేంద్రప్రభుత్వము 2023లో జాతీయ ప్రణాళిక నారంభించి, నలువదియేండ్లలోపు వారికి రక్తపరీక్షలు చేయ పూనుకొన్నది. మీ పిల్లలకును ఆ పరీక్ష చేయింపుడు.

జ్వరముతో బిడ్డ కాలు గాని చేయి గాని కదపనిచో ఆ దినముననే ఆస్పత్రికి చేర్పుడు. బండి లేనిచో 108కి ఫోను చేయుడు. ఆదిలాబాదులో రిమ్స్ ఆస్పత్రియు, కరీంనగరమున ప్రభుత్వాస్పత్రియు ఉన్నవి. మొదటి వారము పదిదినములలో ఎక్స్‌రేలో నేమియు కనబడకపోవచ్చును. అంతమాత్రముచే వ్యాధి లేదని తిరిగి రావలదు. కీలులో చీము పట్టినచో దానిని తీసి కడుగుదురు. తరువాత మందు సాధారణముగా మూడు నాలుగు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకంటె నెక్కువ కాలము వాడవలసియుండును. జ్వరము తగ్గినదని, ప్రత్తితీతకు వేళయైనదని నడుమ మానిపింపవలదు.

పెద్దలు ప్రొద్దుననే “పద” యన్నచో పెక్కుమంది పిల్లలు తిరిగి పరుగెత్తుదురు. ఆ మాట మీ నోట వెలువడవలయునని కోరుచు విరమించుచున్నాను. సెలవు.