ఇంటికి ఒక పుంజు, వాడకు నాలుగు పుంజులు

(తిరువూరులో జరిగిన రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పత్తి ధర, మామిడి ధర, కౌలు కార్డుల గురించి ఇంతసేపూ మాట్లాడుకున్నాం. ఇప్పుడు పెరట్లో కోళ్ల సంగతి మాట్లాడతాం. నవ్వకండి. పత్తి డబ్బు ఏడాదికోసారి వస్తుంది, వచ్చింది వచ్చినట్టే అప్పులకు పోతుంది. మధ్యలో పిల్లాడి పుస్తకాలకు, ముసలమ్మ మందులకు ఆదుకునేది కోళ్ల డబ్బే. ఆడమనిషి ఎవరి చేయీ చూడకుండా ఖర్చు పెట్టుకోగలిగే డబ్బు కూడా అదే. అందుకే దీన్ని రైతు సమస్యగా చూస్తున్నాం.

మమ్మల్ని చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. పది పెట్టలున్న ఇంట్లో రెండు మూడు పుంజులు ఉంచుకోవచ్చా? ఒక దొడ్లో వద్దు, ఒక వాడలో తప్పకుండా కావాలి. ఇదే మా జవాబు.

ముందు దొడ్డి సంగతి. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదు. పొదగేసే గుడ్లకే పుంజు కావాలి. ఎనిమిది, పది నాటు పెట్టలకు ఒక పుంజు చాలు. అయిదారు పెట్టల మధ్య మూడు పుంజుల్ని వదిలితే ఏమవుతుందో మీకు తెలుసు. పెట్టల వీపున ఈకలు ఊడిపోతాయి, రెక్కల కింద గోళ్ల గాట్లు పడతాయి. భయపడిన పెట్ట మేత దగ్గరికి రాదు, గుడ్డు ఏ కంపలోనో పెడుతుంది. పుంజులు తమలో తాము పొడుచుకుంటాయి. పిల్లలప్పటి నుంచి కలిసి పెరిగిన అన్నదమ్ములు కొన్నాళ్లు సర్దుకుంటాయి. కానీ ఒకదాన్ని నాలుగు రోజులు బయట ఉంచి మళ్లీ తెచ్చి వదిలితే పోట్లాట మొదటికొస్తుంది.

అయితే ఒక్క పుంజునే ఏళ్ల తరబడి ఉంచుకుంటే ఇంకో నష్టం. దాని కూతుళ్లనే అది తొక్కుతుంది. రెండు మూడు తరాలు ఇలా గడిస్తే పిల్లలయ్యే గుడ్లు తగ్గుతాయి, పుట్టిన పిల్లలు నీరసంగా ఉంటాయి. మనం దిష్టి అనుకునేది చాలాసార్లు ఇదే.

దీనికి సంక్రాంతి తోడవుతుంది. దసరా దాటితే బేరగాళ్లు దిగుతారు. డేగ, కాకి, నెమలి అని రంగు చూసి, కాలు చూసి మంచి పుంజుల్ని ఎత్తుకుపోతారు. కత్తి కట్టి పందెం వేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. పందెం కాయడం 1974 నాటి జూద నిరోధక చట్టం ప్రకారం నేరం. అయినా భోగి నుంచి కనుమ దాకా బరులు నడుస్తూనే ఉన్నాయి. పెంచింది ఆడవాళ్లు, బరిలో పోగొట్టేది మగవాళ్లు. చివరికి దొడ్లో మిగిలేది ఎవరూ కొనని కుంటి పుంజు. వచ్చే ఏడాది పిల్లలకు అదే తండ్రి. గట్టి గింజలు అమ్మేసి తాలు గింజల్ని విత్తనానికి దాచుకునే రైతు ఎక్కడైనా ఉన్నాడా? కోళ్ల దగ్గర మాత్రం మనం చేస్తున్నది అదే.

కాబట్టి మేము చెప్పేది ఇది. నాలుగు ఇళ్ల వాళ్లు కలవండి. వేరు వేరు పెట్టల కడుపున పుట్టిన పుంజుల్లో ఇంటికొక మంచిదాన్ని విత్తనానికి ఎంచుకోండి, ఎంత ధర వచ్చినా అమ్మకండి. ఏడాదికోసారి, సంక్రాంతి వెళ్లాక, ఒక ఇంటి పుంజును పక్క ఇంటికి మార్చండి. మీ పుంజు తిరిగి మీ దొడ్డికి రావడానికి నాలుగేళ్లు పడుతుంది. అప్పటికి అది ముసలిదవుతుంది కాబట్టి మధ్యలో దాని స్థానంలోకి పడుచు పుంజు రావాలి. అందుకు ఒక పడుచు పుంజును వేరే గంప కింద పెంచుకోండి. మిగిలిన వాటిని అయిదారు నెలలు నిండేసరికి కూరకు అమ్మేయండి.

వనరాజా పుంజును తెచ్చుకోవచ్చా అంటే, తెచ్చుకోవచ్చు. హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకం అది. కానీ అది సంకర రకం కనుక దాని పిల్లలన్నీ ఒకేలా రావు. పొదిగే గుణం మాత్రం మన నాటు పెట్టల్లోనే చూసుకోవాలి.

మార్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. కొత్త పుంజును రెండు వారాలు విడిగా ఉంచండి, కొక్కెర తెగులు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఇలాగే పాకుతుంది. పుంజును మార్చాక మూడు వారాలు ఆగి గుడ్లు పొదగేయండి, అంతకు ముందువి పాత పుంజువే కావచ్చు.

టీకా సంగతి కూడా ఇంతే. సీసాలో వందల డోసులుంటాయి, కలిపాక రెండు గంటల్లో వేసేయాలి. పది కోళ్లున్న ఇల్లు ఒంటరిగా కొనలేదు. వాడంతా ఒక రోజు పెట్టుకుంటే ఎవరికీ భారం కాదు. ఎండలు ముదరకముందే రైతు సేవా కేంద్రాల్లో కొక్కెర తెగులు టీకా ఉచితంగా వేయాలని, ఆ రోజు ముందే చాటింపు వేయించాలని సంఘం డిమాండ్ చేస్తోంది.

ఇళ్లకు వెళ్లాక పెట్టలెన్నో, పుంజులెన్నో లెక్కపెట్టండి. వచ్చే సమావేశానికి ఏ నాలుగు ఇళ్లు కలిశాయో చెప్పండి. ఆ పేర్లు అక్కచెల్లెళ్లే చదవాలి, కోళ్లు వాళ్లవి కాబట్టి.