పలువురు దిద్దు పుస్తకము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉత్సవ సంఘమువారు నన్ను అంతర్జాలమును గూర్చి ముచ్చటింపుమనిరి. అది సముద్రము, నా చేతనున్నది చెంబు. కావున ఒక్క విషయమునకే పరిమితుడ నయ్యెదను. వికీపీడియా యను విజ్ఞానసర్వస్వమందు మన యూళ్లను గూర్చిన పుటలు గలవు. వానిని మనమే దిద్దవచ్చును. ఎట్లు దిద్దవలెను, అందులకు ఈ గ్రంథాలయమునకు గల సంబంధమేమి అనునదే నేటి నా ప్రసంగము.

1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అను అమెరికా దేశస్థుడు, చదువువాడే దిద్దుటకు వీలగు పుటలను కంప్యూటరులో కల్పించి, హవాయి భాషనుండి ‘వికీ’ యను పదమును దెచ్చి వానికి పెట్టెను. త్వరితమని దాని యర్థము. 2001 జనవరిలో జిమ్మీ వేల్స్, లారీ శాంగర్ అను నిరువురు ఆ పద్ధతిని విజ్ఞానసర్వస్వమునకు వర్తింపజేసిరి. 2003 డిసెంబరులో వెన్న నాగార్జునగారి పూనికతో తెలుగు వికీపీడియా మొదలయ్యెను. నేడందు లక్షకు మించిన వ్యాసములు గలవు. వ్రాయువారు జీతము గోరక వ్రాయుచున్నారు. వారు తమలో తాము మాటలాడుకొనుటకు ఏర్పరచుకొన్న పుటకు ‘రచ్చబండ’ యని పేరిడుకొనిరి. ఆ పేరు విన్నపుడే అది మన చోటని నాకు తోచినది.

విజ్ఞానసర్వస్వము తెనుగునకు క్రొత్త గాదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు అంతటి కార్యమును తలకెత్తుకొని, 1923లో స్వర్గస్థులగునప్పటికి గ్రంథము తొలి యక్షరములను దాటనేలేదు. అట్టి మేధావికే ఒక్క జీవితము చాలలేదు. కావున పలువురు చేతులు కలుపుట తప్ప వేరు మార్గము లేదు.

పలువురు వ్రాసిన దానిని నమ్ముటెట్లని కొందరడుగుదురు. మనము పారాయణము చేయు భారతము ముగ్గురి చేతివ్రాత. నన్నయభట్టు అరణ్యపర్వమును నడుమ విడిచెను. తిక్కన విరాటపర్వమునుండి సాగించెను. ఆ నడుమ మిగిలిన భాగమును పిమ్మట ఎఱ్ఱాప్రెగడ పూరించెను. భాగవతమున శిథిలమైన స్కంధములను గంగన, సింగన, నారయ పూరించిరి. భాస్కర రామాయణమునను పలువురి హస్తము గలదు. ఎఱ్ఱన మనకు దూరపువాడు గాడు. ఆళ్లగడ్డకు చేరువనున్న అహోబిల క్షేత్ర మహిమను నృసింహపురాణముగ రచించిన కవి యతడే. ఆ మహాకవి అరణ్యపర్వ శేషమును తన పేర గాక నన్నయ పేరనే నడపెను, తన పేరు వెనుకకు దీసికొనెను. వికీపీడియాలోను పుట నెత్తిమీద రచయిత పేరుండదు. పేరు కనబడవలెనని గోరువారికి అది తగిన తావు గాదు.

అయితే ఎవడైనను వచ్చి చెరపినచో? లెక్కలు వ్రాయువాడను గనుక ఆ మాటకు నా దస్త్రములోని మర్యాదతో బదులు చెప్పెదను. గ్రామ లెక్కలలో తప్పు దొరలినపుడు దానిని గీకివేయరాదు, సిరా పులిమి మాపరాదు. పాత యంకె చదువుటకు వీలగునట్లు దానిమీద ఒక గీత గీచి, ప్రక్కన సరియైన యంకె వేసి, పొడి సంతకము చేసి తేది వేయవలెను. గీకిన కాగితమును చూచినంతనే తనిఖీదారునకు అనుమానము పుట్టును. వికీపీడియాలో ప్రతి పుటకును ‘చరిత్ర’ యను భాగమొకటి గలదు. ఎవరు, ఏ దినమున, ఏ నిమిషమున, ఏ మాటను తీసి ఏ మాటను పెట్టిరో అందు వరుసగా నుండును. దుండగుడు పుట నంతయు తుడిచినను, వేరొకడు క్షణములో పాత పాఠమును నిలబెట్టగలడు. ప్రక్కనే ‘చర్చ’ యను పుట యుండును. అభిప్రాయ భేదము కలిగినపుడు వాదము అచట సాగవలెను గాని వ్యాసములో గాదు.

దిద్దుటకు పని కొరతయా? 2022 ఏప్రిల్ 4వ తేదిన నంద్యాల జిల్లా యేర్పడినది. అంతవరకు కర్నూలు జిల్లా అని వ్రాసియున్న ఊళ్ల పుటలన్నియు మార్పవలసినవే. అట్లని చూచిన చోటనెల్ల మార్చుటయు పొరపాటే. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరిదీసిరి. నాడు కోవెలకుంట్ల కడప జిల్లాలోనిది. 1858లో కర్నూలు జిల్లాకు జేరినది, నేడు నంద్యాల జిల్లాలోనిది. ఊరు కదలలేదు, జిల్లాలే మూడు మారినవి. ఏ సంవత్సరపు సంగతి చెప్పుచున్నామో దానినిబట్టి పేరు వ్రాయవలెను. ఆ వీరుని గూర్చి 2019లో వచ్చిన చలనచిత్రమును మీరందరు చూచియుందురు. చూచి ఆనందింపుడు, అందులోని దృశ్యమును తెచ్చి చరిత్రయని మాత్రము వ్రాయకుడు.

ఇక నంద్యాలలోనే జరిగిన మఱియొక సంగతి. 1800లో నిజాము ఈ ప్రాంతమును కుంపిణీవారికి ధారాదత్తము చేసినందున మనకు దత్తమండలమను పేరు పడినది. ఆ పేరు తొలగి ‘రాయలసీమ’ యను పేరు వచ్చినది 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన ఆంధ్రమహాసభ సందర్భముననే. ఆ పేరు పెట్టినవారెవరు? గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారని చాలకాలము చెప్పుకొనిరి, పుస్తకములలోను వ్రాసిరి. నాటి సభా వృత్తాంతములను వెదకి తీసిన పిదప, ప్రతిపాదించినవారు చిలుకూరి నారాయణరావుగారని తేలినది. గాడిచర్లవారు కర్నూలు బిడ్డ, గ్రంథాలయోద్యమమునకు మూలస్తంభము. ఈ సభలో వారి పేరు దలపకుండుట కృతఘ్నత. అయినను భక్తి వేరు, సాక్ష్యము వేరు. ఇట్టి చోట వికీపీడియా రచయిత చేయవలసినది ఒక పేరు చెరపి మఱియొక పేరు పెట్టుట గాదు. పూర్వమిట్లు వాడుక యుండెను, దానికాధారమిది. పిదప ఇట్లు తేలినది, దానికాధారమిది యని రెంటిని పాఠకుని ముందుంచవలెను.

ఈ ‘ఆధారము’ అను మాటకడనే మన పల్లెలకు చిక్కు వచ్చుచున్నది. వికీపీడియాలో వ్రాయు ప్రతి ముఖ్య విషయమునకును అచ్చైన పుస్తకమో, పత్రికయో, ప్రభుత్వ ప్రకటనయో సాక్ష్యము చూపవలెను. ‘నేను కన్నులార చూచితిని’ అన్నను చెల్లదు. ‘ఎనుబదియేండ్లవాడను, నా యూరి చెరువు సంగతి నాకు తెలియదా, దానికి పుస్తకమేల?’ యని పెద్దలు కోపింతురు. వారి కోపము న్యాయమే. పట్టణమువారి పెండ్లియు పత్రికలోకెక్కును. పల్లెలో కరవునాడు గంజికేంద్రము నడిపినవాని పేరు ఎక్కడను అచ్చు కాలేదు. అచ్చు కానిది లేనట్లే యగును. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన విగ్రహములు దూరదేశముల గుళ్లలో పూజలందుకొనుచున్నవి. రాతిని తట్టి నాదమును విని ఎన్నుకొను విద్య మాత్రము తండ్రి నోటినుండి కొడుకు చెవికి పోవుటయే గాని కాగితముమీద నిలిచినది తక్కువ.

అయినను ఆ నియమమును నేను తప్పుపట్టజాలను. అది లేనిచో ప్రతి కులమువాడును తన పూర్వునే ఊరు కట్టినవానిగా వ్రాసికొనును. ఎన్నికలనాడు ఒక్కొక్క పుట ఒక్కొక్క స్తోత్రమగును. నియమమును సడలింపుమని అడుగుటకంటె, సాక్ష్యమును మనమే సిద్ధపరచుట మేలు. రెండువందల యేండ్లక్రిందట కర్నల్ మెకంజీ, కావలి బొఱ్ఱయ్య ప్రభృతుల సహాయమున ఊరూర కరణముల దండకవిలెలను చూపించుకొని కైఫీయతులు వ్రాయించెను. నాడు ఆ కరణములు విప్పి చూపిన కట్టలే నేడు చరిత్రకారులకు ఆధారములు. 1984లో కరణీకము రద్దయినది. ఇప్పుడు ఆ కట్టలను ఎవరు విప్పుదురు? అందులకు గ్రంథాలయము కంటె తగిన తావు నాకు కానరాదు.

ఏమి చేయవలెనో క్లుప్తముగ చెప్పెదను. పెద్దలు చెప్పిన దానిని, చెప్పినవారి పేరు, వయస్సు, తేదితో వ్రాసి, ఇట్టి సంచికలలోను జిల్లా పత్రికలలోను అచ్చొత్తింపవలెను. పాత పుస్తకముల నుండి విషయము గ్రహింపవచ్చును గాని వాక్యములు యథాతథముగ ఎత్తి వ్రాయరాదు, అది చౌర్యము. రచయిత గతించి అరువదియేండ్లు నిండిన గ్రంథములపై మన దేశమున హక్కులు తీరును. 1960లో గతించిన గాడిచర్లవారి రచనలు 2021 నుండి అందరివి. అట్టివి మన బీరువాలో నున్నచో ఛాయలు తీసి వికీసోర్సు అను సోదర గ్రంథాలయమునకు పంపవచ్చును. గుడి, చెరువు, శాసనము, వీరగల్లు మొదలగువాని ఛాయాచిత్రములు సొంతముగ తీసినవే యుండవలెను.

దిద్దుటకు కంప్యూటరే కావలెనని లేదు, చేతిలోని సెల్ ఫోను చాలును. తొలుత అక్షర దోషములు దిద్దుడు. తరువాత తేదీలు, మండలము పేరు, ఏటి పేరు చూడుడు. కుందూనదిని ఒకచోట కుందేరనియు, మఱొకచోట కుముద్వతి యనియు వ్రాసిరని తగవులాడవలదు. మూడును ఆ నదికే చెల్లును.

వచ్చు ఆదివారమునుండి సాయంకాలము నాలుగు గంటలకు ఈ చదువుగదిలో ఆ పనికి కూర్చుండుదము. ఇండ్లలో పాత దస్తావేజులు, కరపత్రములు, పెండ్లి శుభలేఖలు, నాటక సమాజముల ప్రకటనలు ఉన్నవారు పారవేయక తెండు. అసలు మీకే తిరిగి ఇచ్చి, ప్రతి మాత్రము ఇచట ఉంచుకొందుము. పేర్లు గ్రంథపాలకునికడ వ్రాయింపుడు.