నెలలు నిండని బిడ్డ – తల్లి ఒడి
(భక్తుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సన్నిధిలో సంతానం కోసం మొక్కుకొనేవారున్నారు. బిడ్డకు అన్నప్రాశనం చేయించేవారున్నారు. ఈ ఇరువురి నడుమ, నెలలు నిండకముందే ప్రసవించి, బిడ్డ అద్దాల పెట్టెలో ఉండగా తాను బయట కూర్చున్న తల్లి ఒకతె ఉంటుంది. ఆమెను గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను.

గర్భం పరిపక్వం కావడానికి సుమారు 40 వారాలు పడుతుంది. 32 వారాలకు ముందే పుట్టిన శిశువుకు ఊపిరితిత్తులు బలపడి ఉండవు; ఒంటి వేడి నిలువదు. చప్పరించడం, మింగడం, శ్వాసించడం అనే మూడింటినీ కలిపి నడుపుకొనే నేర్పు సుమారు 34 వారాలకు గాని రాదు. అందుచేత తల్లిపాలను సన్నని గొట్టం ద్వారా పడతారు. కన్నతల్లికి బిడ్డను ఎత్తుకొనే భాగ్యమూ, పాలిచ్చే భాగ్యమూ రెండూ దూరమవుతాయి.

ఎనిమిదవ మాసంలో ఓజస్సు తల్లి నుండి బిడ్డకూ, బిడ్డ నుండి తల్లికీ రాకపోకలు చేస్తుందని చరక సంహిత చెబుతున్నది. ఆధునిక వైద్యం ఈ మాట చెప్పదు. నేనూ రెంటినీ ముడిపెట్టను. అయినా, ఆ రాకపోకల నడుమ ఎడబాటు కలిగితే తల్లి పడే వేదన ఎట్టిదో ఊహించవచ్చును.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మా కోడలికి 29వ వారంలో ఆడశిశువు కలిగింది. బరువు కిలోకు కొంచెం పైన. నేను ఓదార్పు అనుకొని, "ఈశ్వరేచ్ఛ ఎట్లున్నదో, మమకారం పెంచుకోకమ్మా" అన్నాను. ఆ మాటతో ఆమె రెండు రోజులు బిడ్డ దగ్గరకు వెళ్ళలేదు. అడిగితే, "నా కడుపే దాన్ని మోయలేకపోయింది మామయ్యగారూ. నేను తాకితే ఏమవుతుందో అని భయంగా ఉంది" అన్నది. శాస్త్రాలు చదివిన నా నోట మాట రాలేదు.

మూడవనాడు నర్సమ్మ చెయ్యి పట్టుకొని తీసుకువెళ్ళి, బిడ్డను ఆమె రొమ్ముపై పడుకోబెట్టి పైన వస్త్రం కప్పింది. మొదటి రోజు కోడలు కొయ్యబారి కూర్చున్నదట. ప్రేమ ఆ క్షణాననే పొంగలేదు. అయిదారు రోజులకు, తెలియకుండానే జోల పాడసాగింది. గర్భంలో ఆరు నెలలు దాటిన శిశువు శబ్దాలకు స్పందిస్తుంది. కనుక ఆ కంఠం బిడ్డకు కొత్తది కాదు.

ఈ పద్ధతిని 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే అనే వైద్యుడు ఆరంభించాడు. అక్కడ యంత్రాలు చాలక, అంటువ్యాధులు ప్రబలి శిశువులు మరణిస్తుంటే, తల్లి దేహాన్నే వెచ్చని తొట్టిగా చేశాడు. కంగారూ జంతువు పిల్లను సంచిలో మోసినట్లుగా ఉంటుంది గనుక ఆ పేరే స్థిరపడింది. పుట్టిన వెంటనే ఆరంభించి, రోజుకు 8 నుండి 24 గంటలు ఇట్లు ఉంచడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. తల్లికి వీలుకానప్పుడు తండ్రి రొమ్ము కూడా పనికివస్తుంది.

మమకారం విడువమనడంలో శాస్త్రాభిప్రాయం ఫలంపై పట్టు విడువమని. బిడ్డను విడువమని కాదు. ఆ భేదం నాకు డెబ్బై ఏళ్ళ వయసు దగ్గరపడుతుండగా కోడలి వల్ల తెలిసింది. యశోద కన్నది కాదు, సాకి తల్లి అయినది. అకాలంలో ప్రసవించిన తల్లి కన్నది కూడా, అయినా సాకుతూ సాకుతూనే మళ్ళీ తల్లి కావాలి.

కనుక పెద్దలారా, అట్టి ఇంట "ఏం తిన్నావు, ఎందుకిట్లయింది" అని అడుగకండి. ఆమె ఇంటిపని మీరు అందుకొని, ఆమెను బిడ్డ దగ్గరకు పంపండి. దాతలారా, వారాల తరబడి ఆసుపత్రి వరండాలో గడిపే తల్లులకు ఒక పూట భోజనం, వెనుకకు వాలి బిడ్డను హత్తుకొనేందుకు ఒక కుర్చీ సమకూర్చండి. అదియును స్వామి కైంకర్యమే.

మా మనుమరాలు ఇప్పుడు బడికి పోతున్నది. ఆ మాట అందరి ఇళ్ళలోనూ చెప్పుకొనే భాగ్యం కలగదని ఎరుగుదును. బిడ్డ దక్కని తల్లికి సైతం, ఆ కొద్ది దినాలు రొమ్మున హత్తుకొన్న తృప్తి ఉండాలి. దానిని మన మాటతో ఆమెకు దూరం చేయకుందుము గాక.

శుభం భూయాత్.