ఆగిపోయిన ఆట: జీతాల తగాదాలో ప్రేక్షకుడి చోటు

ఈ రోజు మనం క్రికెట్ గురించే మాట్లాడుకుందాం. కాకపోతే పరుగులు, వికెట్ల సంగతి కాదు. జీతాలు, ఒప్పందాలు, సమ్మె, వీటి గురించి. అర్థశాస్త్రం చదివే వాళ్లకు ఇది పాఠంలో భాగం. మిగతా వాళ్లకు కనీసం టికెట్ కొనేవాళ్లుగా అవసరం.

2014 అక్టోబరులో వెస్టిండీస్ జట్టు మన దేశానికి వచ్చింది. ఆ పర్యటనలో రెండు మ్యాచ్‌లు తెలుగువాళ్ల ఊళ్లలో జరగాలి. ఒకటి 14వ తేదీన విశాఖపట్నంలో వన్డే. రెండోది 30వ తేదీన హైదరాబాదు ఉప్పల్ స్టేడియంలో మొదలయ్యే టెస్టు. రెండూ జరగలేదు. విశాఖ మ్యాచ్‌ను హుద్‌హుద్ తుపాను ఆపింది. 12వ తేదీన ఆ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. ఊరంతా చెట్లు కూలి, కరెంటు పోయి, తాగే నీళ్ల కోసం బారులు తీరినప్పుడు క్రికెట్ మాట ఎవరు ఎత్తుతారు? జనం అర్థం చేసుకున్నారు. హైదరాబాదులో మాత్రం వానా లేదు, గాలీ లేదు. అక్కడి టెస్టును ఆపింది ఒక కాగితం. అది సముద్రాలకు అవతల, సుమారు నెల రోజుల ముందు సంతకాలు పడిన కాగితం. ఆ కాగితంలో ఏముందో, దాని దెబ్బ ఎవరికి ఎంత తగిలిందో చూద్దాం.

ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వెస్టిండీస్ అనే దేశం ఎక్కడా లేదు. బార్బడోస్, జమైకా, గయానా, ట్రినిడాడ్ అండ్ టొబాగో, ఇంకా ఎన్నో చిన్న చిన్న దేశాలు, దీవులు ఉన్నాయి. జెండాలు వేరు, ప్రభుత్వాలు వేరు. క్రికెట్‌లో మాత్రం అవన్నీ కలిసి ఒకే జట్టు. జనాభా తక్కువ, కాబట్టి టీవీ ప్రకటనల ఆదాయమూ తక్కువ. పెద్ద దేశాలతో, ముఖ్యంగా భారతదేశంతో ఆడినప్పుడే ఆ బోర్డు గల్లాపెట్టెలో నాలుగు డబ్బులు పడేది.

ఆ బోర్డుకూ, ఆటగాళ్ల సంఘానికీ 2014 సెప్టెంబరులో కొత్త ఒప్పందం కుదిరింది. సంఘం తరఫున సంతకం పెట్టింది మాజీ టెస్టు బ్యాట్స్‌మన్ వేవెల్ హైండ్స్. బోర్డు అధ్యక్షుడు డేవ్ కామెరాన్. అంతకు ముందున్న పద్ధతి ప్రకారం అంతర్జాతీయ మ్యాచ్ జరిగే ప్రతి రోజుకూ స్పాన్సర్‌షిప్ సొమ్ములో 35,000 డాలర్లు జట్టులోని ఆటగాళ్లకు దక్కేవి. కొత్త ఒప్పందం ఆ సొమ్మును వాళ్ల నుంచి తప్పించి దేశవాళీ క్రికెట్‌కు మళ్లించింది. ఆరు ప్రాంతీయ జట్లు, జట్టుకు పదిహేను మంది చొప్పున తొంభై మందికి ఏడాది పొడవునా జీతం ఇవ్వాలని ఆలోచన. అంతకు ముందు వాళ్లలో చాలామందికి క్రికెట్ ఒక్కటే నమ్ముకుంటే ఇల్లు గడిచేది కాదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. పైనున్న పదిహేను మంది నుంచి కొంత తీసి కింద ఉన్న తొంభై మందికి ఇవ్వడం తప్పా? నన్నడిగితే ఆ ఆలోచనలో తప్పు లేదు. పెద్ద చెట్టు నీడలో మొక్కలు ఎండిపోతుంటే ఎవరో ఒకరు నీళ్ల కాలువ మళ్లించక తప్పదు. కానీ పొలం ఎవరిదో ఆ రైతును అడగకుండా గట్టు తెంచితే ఏమవుతుంది? జరిగింది అదే. ఆటగాళ్లు భారతదేశానికి వచ్చాక గానీ ఒప్పందం వివరాలు పూర్తిగా వాళ్లకు తెలియలేదు. తమ ఆదాయం 75 శాతం దాకా పడిపోతుందని వాళ్లు లెక్క వేసుకున్నారు. అంత తగ్గదని బోర్డు, సంఘం వాదించాయి. జట్టు కెప్టెన్ డ్వేన్ బ్రావో హైండ్స్‌కు ఉత్తరాలు రాశాడు. మమ్మల్ని అడగకుండా మా తరఫున సంతకం ఎలా పెట్టావన్నది వాటి సారాంశం. నువ్వు రాజీనామా చెయ్యాలి అన్నదాకా వెళ్లింది.

మామూలుగా సమ్మె అంటే మనకు తెలిసిన బొమ్మ ఒకటి ఉంది. ఒక పక్క యజమాని, ఇంకో పక్క కార్మికులు, వాళ్ల వెనక సంఘం. ఇక్కడ ఆ బొమ్మ తలకిందులైంది. సంఘం, బోర్డు ఒక పక్క ఉన్నాయి. ఆటగాళ్లు వేరే పక్క ఉన్నారు. కోపం బోర్డు మీద కంటే తమ సంఘం మీదే ఎక్కువ. అందుకే ఇది ఎవరు సర్దితే సర్దుకునే తగాదానో చాలా రోజులు ఎవరికీ తెలియలేదు. ఆటగాళ్లతో నేరుగా మాట్లాడమంటే, సంఘం ఉండగా మేం మాట్లాడకూడదని బోర్డు అంది.

అక్టోబరు 8న కొచ్చిలో మొదటి వన్డే. ముందు రోజు ఆటగాళ్లు ప్రాక్టీసుకు రాలేదు. మ్యాచ్ జరుగుతుందా లేదా అని రాత్రంతా అనుమానమే. చివరికి దిగారు, 124 పరుగుల తేడాతో గెలిచారు కూడా. శామ్యూల్స్ 126 పరుగులు చేసి నాటౌట్‌గా మిగిలాడు. ఢిల్లీలో మనవాళ్లు గెలిచారు. విశాఖ సంగతి చెప్పుకున్నాం. 17వ తేదీన ధర్మశాలలో నాలుగో వన్డే. టాస్ వెయ్యడానికి బ్రావో ఒక్కడే రాలేదు, జట్టునంతా వెంటపెట్టుకొని వచ్చాడు. మాటల్లో చెప్పకపోయినా, మేమంతా ఒకటే అని చూపించడం అది. ఆ మ్యాచ్‌లో కోహ్లి 127, శామ్యూల్స్ 112 కొట్టారు. మనం 59 పరుగులతో గెలిచాం. అదే రోజు పర్యటన ముగిసిపోయింది. కోల్‌కతా వన్డే, కటక్ ట్వంటీ ట్వంటీ, హైదరాబాదు, బెంగళూరు, అహ్మదాబాదు టెస్టులు, మొత్తం అయిదు మ్యాచ్‌లు రద్దు.

ఇప్పుడు ప్రేక్షకుడి దగ్గరకు వద్దాం. సబ్బుల ఫ్యాక్టరీలో సమ్మె జరిగిందనుకోండి. మీరు వేరే కంపెనీ సబ్బు కొంటారు. బస్సులు ఆగిపోతే ఆటో ఎక్కుతారు, లేదా నడుస్తారు. మర్నాడు బస్సు వస్తే మళ్లీ అదే ప్రయాణం. ఆట అలాంటి సరుకు కాదు. అక్టోబరు 30న హైదరాబాదులో జరగాల్సిన టెస్టును నవంబరులో ఇంకో దుకాణంలో కొనలేం. వేరే మ్యాచ్ చూడగలం, అది చూడలేం. టికెట్ డబ్బు తిరిగి రావచ్చు. కానీ కరీంనగర్ నుంచో కర్నూలు నుంచో టెస్టు కోసం సెలవు పెట్టుకొని రైలు టికెట్ తీయించుకున్నవాడి లెక్క ఏ ఒప్పందంలోనూ ఉండదు. బోర్డుకు లాయర్లు ఉన్నారు, ఆటగాళ్లకు సంఘం ఉంది, టీవీ వాళ్లకు కాంట్రాక్టు ఉంది. ఈ ముగ్గురికీ డబ్బు చివరికి ఎవరి జేబులోంచి వస్తోందో అతనికి మాత్రం ఆ గదిలో కుర్చీ లేదు.

మన బోర్డు ఊరుకోలేదు. వెస్టిండీస్‌తో పర్యటనలు ఆపేస్తున్నామంది. 4 కోట్ల 19 లక్షల 70 వేల డాలర్ల నష్టపరిహారం కట్టమని లెక్క పంపింది. అంత సొమ్ము కడితే కరీబియన్ బోర్డు దివాళా తీయాల్సిందే. కింది తొంభై మంది కోసం కాలువ మళ్లిస్తే చెరువుకే గండి పడే పరిస్థితి వచ్చింది.

హడావుడిగా శ్రీలంకను పిలిచారు. వాళ్లు అప్పటికి సిద్ధంగా లేరు, అయినా వచ్చి అయిదు వన్డేలు ఆడి అయిదూ ఓడిపోయారు. హైదరాబాదుకు నవంబరు 9న అందులో ఒక వన్డే దక్కింది. అయిదు రోజుల టెస్టుకు ఒక రోజు మ్యాచ్ బదులు. జయవర్ధనే సెంచరీ చేశాడు, ధావన్ 91 కొట్టాడు, మనం గెలిచాం. కోల్‌కతా వాళ్ల అదృష్టం ఇంకా చిత్రమైంది. నవంబరు 13న ఈడెన్ గార్డెన్స్‌లో రోహిత్ శర్మ 264 పరుగులు చేశాడు. వన్డేల్లో ఒక ఆటగాడు చేసిన అత్యధిక స్కోరు ఈనాటికీ అదే. వెస్టిండీస్ జట్టు మధ్యలో వెళ్లిపోకపోతే ఆ మ్యాచే లేదు. బెంగళూరుకు మాత్రం ఆ శ్రీలంక సిరీస్‌లోనూ ఒక్క మ్యాచ్ రాలేదు.

ఇలా ఒకరి నష్టం ఇంకొకరికి పండగ కావడం కరీబియన్ తగాదాల్లో కొత్త కాదు. 2009 జులైలో బంగ్లాదేశ్ అక్కడికి వెళ్లినప్పుడు వెస్టిండీస్ ముఖ్య ఆటగాళ్లు కాంట్రాక్టుల గొడవతో ఆడం అన్నారు. ఫ్లాయిడ్ రీఫర్ కెప్టెన్‌గా ఎక్కువమంది కొత్తవాళ్లతో జట్టు కట్టారు. బంగ్లాదేశ్ రెండు టెస్టులూ గెలిచింది. విదేశంలో వాళ్లకు అదే తొలి టెస్టు విజయం, తొలి సిరీస్ కూడా. ఢాకాలో సంబరాలు చేసుకున్న వాళ్లకు అవతలి జట్టు ఎందుకు అలా ఉందన్నది చిన్న విషయం. సొంత గడ్డ మీద ఆ ఓటమి చూసిన కరీబియన్ వాసికి అది చిన్న విషయం కాదు.

2014 గొడవలో అసలు మూల్యం చెల్లించింది కూడా ఆ దీవుల అభిమానులే అని నా ఉద్దేశం. మనకు ఒక టెస్టు పోయింది. వాళ్లకు బ్రావో, పొలార్డ్ లేని ప్రపంచ కప్ జట్టు మిగిలింది. 2015 ప్రపంచ కప్‌కు ముందు ఆ ఇద్దరినీ వన్డే జట్టు నుంచి తప్పించి, ఇరవై మూడేళ్ల జేసన్ హోల్డర్‌కు పగ్గాలిచ్చారు. ఆ ఏడాదే కరీబియన్ దేశాల కూటమి కారికామ్ నియమించిన కమిటీ, ఈ బోర్డునే రద్దు చెయ్యాలని సిఫారసు చేసింది. బోర్డు ఒప్పుకోలేదు. 2016 ఏప్రిల్ 3న కోల్‌కతాలో ట్వంటీ ట్వంటీ ప్రపంచ కప్ గెలిచాక కెప్టెన్ డారెన్ సామి మైకు ముందు నిలబడి తమ బోర్డు తమకు అండగా లేదని బాధపడ్డాడు. గెలిచిన రోజు కూడా ఇంటి గొడవ చెప్పుకోవలసి వచ్చిందంటే పుండు ఎంత లోతుగా ఉందో చూడండి.

ప్రేక్షకుడు కోపగిస్తే ఏం చెయ్యగలడు అని మీరు అడగవచ్చు. దీనికి అమెరికాలో జవాబు దొరుకుతుంది. 1994 ఆగస్టు 12న అక్కడి బేస్‌బాల్ ఆటగాళ్లు సమ్మెకు దిగారు. జీతాలకు పరిమితి పెట్టాలని యజమానులు, ఒప్పుకోమని ఆటగాళ్లు. 232 రోజులు సాగింది. 1904 తర్వాత మొదటిసారి వరల్డ్ సిరీస్ జరగలేదు. 1995లో ఆట మళ్లీ మొదలైతే స్టేడియాలకు వచ్చే జనం సగటున అయిదో వంతు తగ్గిపోయారు. న్యూయార్క్‌లో కొందరు మైదానంలోకి దూకి ఆటగాళ్ల కాళ్ల దగ్గర డాలరు నోట్లు విసిరారు. జనం తిరిగి రావడానికి ఏళ్లు పట్టింది. అక్కడ ఊరి జట్టు నచ్చకపోతే ఇంకో ఆటకు పోవచ్చు, పోయారు. క్రికెట్‌లో జట్టు దేశానిది. దేశాన్ని మార్చుకోలేం కదా! అందుకే మన అభిమాని తిడతాడు, అలుగుతాడు, మర్నాడు మళ్లీ టీవీ పెడతాడు. బోర్డులకు ఈ బలహీనత బాగా తెలుసు.

మన దేశం సంగతి వేరు. ఇప్పుడు ఆడుతున్న భారత క్రికెటర్లకు సంఘమే లేదు. 2019లో ఏర్పడిన ఇండియన్ క్రికెటర్స్ అసోసియేషన్ మాజీ ఆటగాళ్లది. సంఘం లేకపోతే సమ్మె ఉండదు కాబట్టి అభిమానికి హాయి అనుకోకండి. సమ్మె లేకపోవడం వేరు, సమస్య లేకపోవడం వేరు. రంజీ ఆటగాడికి ఏం ఇస్తున్నారో అడిగేవాడు లేకపోతే రేపటి జట్టు ఎక్కడి నుంచి వస్తుంది? 2019 అక్టోబరులో బంగ్లాదేశ్ ఆటగాళ్లు షకీబ్ నాయకత్వంలో సమ్మె ప్రకటించారు. భారత పర్యటనకు కొద్ది రోజులే ఉంది. వాళ్లు అడిగిన వాటిలో దేశవాళీ ఆటగాళ్ల ఫీజులు పెంచాలన్నది ముఖ్యమైంది. పై మెట్టు మీదున్న వాళ్లు కింది మెట్టు వాళ్ల కోసం అడిగారన్నమాట. మూడు రోజుల్లో తేలిపోయింది. పర్యటన జరిగింది, మన దేశంలో మొదటి గులాబీ బంతి టెస్టు ఆ నవంబరులోనే కోల్‌కతాలో ఆడారు. సెప్టెంబరు 2014లో వెస్టిండీస్ బోర్డూ, సంఘమూ ఇదే విషయాన్ని ముందే ఆటగాళ్ల ముందు పెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

హైదరాబాదు టెస్టు సంగతి మిగిలిపోయింది. రెండు బోర్డులూ రాజీపడ్డాక 2016లో మనవాళ్లు కరీబియన్ వెళ్లారు. 2018 అక్టోబరులో వెస్టిండీస్ తిరిగి వచ్చింది. ఉప్పల్‌లో 12న టెస్టు మొదలైంది. ఉమేశ్ యాదవ్ పది వికెట్లు తీసి మూడో రోజే ముగించాడు. నాలుగేళ్లు ఎదురుచూసిన మ్యాచ్ మూడు రోజుల ముచ్చటే అయింది. విశాఖకు కూడా 24వ తేదీన వన్డే వచ్చింది. కోహ్లి 157 నాటౌట్, పదివేల పరుగుల మైలురాయి అందరికంటే వేగంగా దాటింది అక్కడే. చివరి బంతికి వెస్టిండీస్‌కు అయిదు పరుగులు కావాలి. షాయ్ హోప్ ఫోరు కొట్టాడు, మ్యాచ్ టై అయింది. అసలు ఆ మ్యాచ్ ఇందోర్‌లో జరగాల్సింది. ఉచిత పాసులు ఎవరికి ఎన్ని అన్న విషయంలో అక్కడి సంఘానికీ బోర్డుకూ తేడా వచ్చి విశాఖకు మార్చారు. ఆ రాత్రి మధురవాడ స్టేడియంలో ఉన్నవాళ్లు జీవితాంతం చెప్పుకునే ఆట చూశారు. ఇందోర్ వాళ్లు ఇంట్లో కూర్చొని టీవీలో చూశారు.