పొలములో చిన్నయిల్లు



నేడు నేను ముచ్చటింపదలచినది మేడలనుగూర్చి కాదు. విద్యుత్తు తీగ రాని చోట, కొళాయి లేని చోట, వయసు మీఱిన దంపతులు తమ పొలములోనే కాలము గడుపుటకు ఎంత యిల్లు చాలును, దానికి నీరును వెలుతురును వంటచెఱకును ఎక్కడనుండి సమకూడును అనునదే నా ప్రసంగ విషయము. ఇది పుస్తకములు చదివి చెప్పుమాట కాదు. కట్టి, చెడగొట్టి, మఱల కట్టి తెలిసికొన్నమాట.

మాది అనంతపురము జిల్లా. తాతగారినాటి నాలుగెకరముల మెట్టభూమి ఊరికి క్రోసెడు దూరమున నున్నది. 2019లో నేను ఉద్యోగము విరమించినపుడు మా కుమారుడు, "నాన్నా, ఆ చేను అమ్మివేసి బెంగుళూరికి వచ్చేయండి" అనెను. ఒక సంవత్సరము గడు విచ్చి, అక్కడ కాపురము సాగనిచో వాని మాటయే వినెదనని ఒప్పుకొంటిని. కావున ఆ యిల్లు నిలుచుటయు ఆ భూమి నిలుచుటయు ఒక్కటే యయ్యెను.

ఇట్టి యిండ్లను గూర్చి చెప్పువారు అమెరికా దేశపు గ్రంథకర్తయైన థోరోను తప్పక స్మరింతురు. ఆయన 1845లో వాల్డెన్ సరస్సు చెంత పదడుగుల వెడల్పు, పదునైదడుగుల పొడవు గల గది కట్టుకొని, రెండు సంవత్సరముల రెండు నెలలు నివసించెను. ఖర్చు 28 డాలర్లకు కొంచెము పైగ నయ్యెనని లెక్క వ్రాసియుంచెను. అయినను ఆయనకు ఊరు దగ్గఱనే. తఱచుగ పోయి వచ్చుచుండెడివాడు. మనకును అంతియే. ఉప్పు, అగ్గిపెట్టె ఊరినుండియే రావలయును.

గది పండ్రెండడుగుల వెడల్పు, పదునాలు గడుగుల పొడవు. గోడలు మూరెడు మందమున మట్టివి. పైని మన సీమ మిద్దె: దూలములు, వానిపై దంతెలు, వానిపై మండలు పఱచి, తడిమట్టి మెత్తి, చౌడు పోసితిమి. చౌటిమన్ను తడిసినప్పుడు దాని సన్నని రేణువులు విడి, సందులన్నిటిని మూసివేయును. అందుచేతనే వాన లోపలికి దిగదు. మే నెల మధ్యాహ్నమునందు ఊరిలోని సిమెంటు రేకుల యింటినుండి వచ్చినవారు మా గదిలో కాలు పెట్టగనే చాప అడుగుదురు. ఏటేట తొలకరికి ముందు కొత్త చౌడు పోయవలయును. ఆ శ్రమకు ఓర్వలేనివారు మిద్దె జోలికి పోరాదు.

ఇక నీరు. ఇచ్చటనే నేను మోసపోయితిని. మా బావినీటిలో ఫ్లోరైడు అధికము. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిన నీటిని ఏండ్లతరబడి త్రాగినచో పండ్లు గారపట్టును, ఎముకలు బిగిసి నడుము వంగును. అట్టివారిని మీలో పలువురు చూచియే యుందురు. వాననీట ఆ దోషము దాదాపుగ నుండదు. కావున మిద్దెపై పడిన వానను తొట్టిలోనికి మళ్లింపదలచితిని. మేస్త్రీ నవ్వి, "సామీ, చౌడుమిద్దె నీళ్లు గొడ్లు గూడ తాగవు" అనెను. సిగ్గుపడితిని. అపుడు వంటయిల్లును పంచపాళియు కలిసి వచ్చునట్లు, ఇరువదినాలు గడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల పెంకు కప్పు వేయించితిని.

లెక్క వినుడు. ఆ కప్పు 240 చదరపుటడుగులు, అనగా సుమారు 22 చదరపు మీటర్లు. మా జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరు. పాతికవంతు పోయినను తొమ్మిదివేల లీటర్లు దక్కును. త్రాగుటకును వంటకును మనిషికి పది లీటర్ల చొప్పున మా యిద్దఱికి ఏడాదికి 7,300 చాలును. స్నానమునకు, పశువునకు బావినీరే. లెక్క సరిగనే యున్నది గదా! కాని నేను కట్టించిన తొట్టి రెండువేల లీటర్లది. వానలు నవంబరుతో నిలిచినవి. మార్చి రెండవ వారమునకు తొట్టి అడుగు కనబడెను. ఏడాదిలో ఎంత పడునో లెక్కించితినే కాని, వాన లేని ఆఱు నెలలకు ఎంత నిలువ యుండవలయునో లెక్కింపనైతిని. మా యింటావిడ బిందె బోర్లించి, "నీళ్లు లేని యింట్లో నన్నెట్లా కూర్చోబెడతారు?" అని అడిగెను. సమాధానము లేకపోయెను. ఆ వేసవి ఊరిలో మా అక్కగారి యింట తలదాచుకొంటిమి. కుమారునికి ఈ సంగతి వ్రాయలేదు, ఎవరో చెప్పినారు.

మఱుసటి యేడు మూడువేల లీటర్ల తొట్టి వేఱొకటి కట్టించితిని. మొదటి వాననీరు కప్పుపై దుమ్మును, పిట్టల రెట్టను కడుగును గాన దానిని బయటికి వదలి, తరువాతి నీటిని ఇసుక, బొగ్గు గల వడపోత గుండ తొట్టిలోనికి విడుతును. త్రాగునీరు కాచియే త్రాగుదుము.

వెలుతురునకు 150 వాట్ల సూర్యఫలకము ఒకటి కలదు. దక్షిణమునకు వాలియుండును. ఏడువాట్ల దీపములు మూడు సాయంకాలము ఐదుగంటలు, ఇరువదియెనిమిది వాట్ల పంకా రాత్రి పదిగంటలు నడచుటకు దినమునకు 385 వాట్-గంటలు కావలయును. ఫలకము అయిదువందలకు తగ్గక ఇచ్చును. మొదట దానిని చింతచెట్టు దాపున నిలిపితిని. ఒక కొమ్మ నీడ ఒక మూల పడినంతనే శక్తి సగమునకు దిగిపోయెను. అందలి గదులు గొలుసువలె కూర్చబడియున్నవి గాన ఒకటి మూతపడిన తక్కినవియు చిక్కును. చెట్టు నఱకక ఫలకమునే జరిపితిని. బ్యాటరీ సగమునకు మించి వాడరాదు. వాడినచో దాని ఆయుస్సు తఱుగును.

గోబరుగ్యాసు పెట్టుమని పలువురు చెప్పిరి. ఇద్దఱు ముగ్గురి వంటకు చాలు చిన్న గొయ్యికే దినమునకు పాతిక కిలోల పేడ కావలయును. ఒక ఆవు పది కిలోలు పెట్టును. మాకున్నది ఒక్కటే. దానికొఱకు మఱి రెండు పశువులను మేపుటకంటె, పొగగొట్టపు పొయ్యిలో కందికట్టె కాల్చుట మేలని తోచెను. మరుగుదొడ్డికి రెండు గుంతలు త్రవ్వించితిని. ఒకటి నిండిన రెండవదానికి మళ్లించి, మొదటిది ఏడాదికి పైగ మూసియుంచినచో ఎరువగును. బావికి దూరముగ త్రవ్వింపవలయును.

నేనడిగిన ఒక్క సంవత్సరము ఎప్పుడో కడచినది. మా కుమారుడు ఇపుడును పొలమును గూర్చి ఏమియు తేల్చి చెప్పలేదు. పోయిన సంక్రాంతికి వచ్చి, తొట్టిలోనికి గీతలు పెట్టిన వెదురుకర్ర దించి, తడి ఎంతవఱకు వచ్చెనో చూచి, ఎనిమిదవ గీత అని వాళ్లమ్మతో చెప్పెను. ఆమె పంచపాళి గోడపై బొగ్గుతో దానిని వ్రాసికొన్నది.